హీరోయిజం తక్కువైంది సార్

కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28 రాత్రి ద్రాస్ దగ్గర త్రీ పింపుల్స్ అనే శిఖరాల మీద 2 రాజ్‌పుతానా రైఫిల్స్ పటాలం చేసిన దాడిని తెలుగు సినిమా అభిమానుల తరఫున కూలంకషంగా పరిశీలించాం. గెలిచారు, కాదనడం లేదు. కానీ ఎలివేషన్ల విషయంలో లోపాలు బోలెడు. బెనిఫిట్ షోకి అప్పు చేసి మరీ టికెట్ కొనేవాళ్లం, ఆ మాత్రం అడిగే హక్కు మాకుంది.

అసలు హీరో ఎంట్రీయే సరిగా లేదు. మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాద్ వాడు, ఉస్మానియా పట్టభద్రుడు, ఒక కంపెనీకి, అంటే పటాలంలో ఒక దళానికి, కమాండర్. మా లెక్కలో మొదటి షాట్‌లోనే ఛాతీ విరుచుకుని అందరికంటే ముందు నడిచి రావాలి. కానీ సైన్యం పద్ధతి వేరేనట. ముందొక ప్లటూన్, అంటే కంపెనీలో ఒక భాగం, వెళ్తుంది, ఇంకో ప్లటూన్ రిజర్వ్‌గా కమాండర్ చేతి కింద ఉంటుంది. మొదటి నిమిషంలోనే కమాండర్ పోతే వెనకున్న ఫిరంగులకు గురి చెప్పేవాడుండడు, ఏ ప్లటూన్ ఎటు కదలాలో తేల్చేవాడుండడు. రిజర్వ్‌ను తొందరపడి దింపితే గంట తర్వాత చేతిలో ఏమీ మిగలదు. ఆలస్యం చేస్తే ముందు వెళ్లినవాళ్లే మిగలరు. ఆ ఒక్క నిర్ణయం కోసమే కంపెనీకొక కమాండర్ అట. ఇలాంటివి తెర మీద ఎలా చూపిస్తారు? మనిషి ఊరికే ఆలోచిస్తున్నట్టు కనిపిస్తాడు.

ఆ రాత్రి శత్రువు షెల్స్ సూటిగా ముందు ప్లటూన్ మీదే పడ్డాయి. చాలామంది కూలిపోయారు, దాడి తడబడింది. అప్పుడు ఆచార్య రిజర్వ్ ప్లటూన్‌ను తీసుకుని ఆ షెల్స్ మధ్య నుంచే నిటారు బండల మీదికి నడిపించాడు. హమ్మయ్య, ఎంట్రీ ఇచ్చాడని ఈల వేయబోతే, బంకర్ దాకా పాక్కుంటూ వెళ్లాడు! పాకే హీరోకి పేపర్లు ఎలా ఎగరేస్తాం సార్? దానికీ కారణం చెబుతారు. మెషిన్‌గన్‌ను నేలకి దగ్గరగా, నడుము ఎత్తు దాటకుండా కాలుస్తారట. నిలబడినవాడికి అది కోత యంత్రమే. బంకర్ కన్నం మాత్రం సన్నగా ఉంటుంది, పక్క నుంచి గోడను ఆనుకునేంత దగ్గరికి చేరితే లోపలి తుపాకీ అటు తిరగదు. చివరి ఆ పది గజాల కోసమే పాకులాటంతా.

గ్రెనేడ్ ఘట్టం మరీ నిరాశ. మా హీరోలు పిన్ను పళ్లతో లాగుతారు. చీలిన పిన్ను కొసలు విడదీసి వంచి ఉంటాయి, పళ్లతో లాగితే ఊడేది పిన్ను కాదు. గ్రెనేడ్ పక్కనుండే మీట (లివర్) చేతిలోంచి లేచిన క్షణం నుంచి నాలుగు సెకన్ల టైమ్. పైగా ఎగువకి విసరాలి. కన్నంలో పడిందా సరే, అంచుకి తగిలిందా, దొర్లుకుంటూ విసిరినవాడి దగ్గరికే తిరిగొస్తుంది. మంటల గోళం కూడా లేవదు, కాస్త పొగ, దుమ్ము, ముక్కలు. దీనికి సీజీ బడ్జెట్ ఎవరిస్తారు?

తూటాల పొదుపు సంగతి చెప్పకపోతే బాగోదు. ఏకే రకం తుపాకీ ఆటోమేటిక్‌లో నిమిషానికి దాదాపు 600 చొప్పున కాలుస్తుంది, 30 తూటాల మ్యాగజైన్ మూడు సెకన్లలో ఖాళీ. మా హీరో నాలుగు నిమిషాల పాటంతా ట్రిగ్గర్ వదలడు. అంటే 2,400 తూటాలు, 80 మ్యాగజైన్లు, నిండుగా ఉన్నది ఒక్కోటి 800 గ్రాములనుకున్నా 64 కిలోలు. ఒక సిమెంటు బస్తా, దాని మీద ఇంకో పద్నాలుగు కిలోలు. అది భుజాన వేసుకుని ఫైట్ మధ్యలో స్టెప్పులేస్తున్నాడంటే ఎవరు గొప్ప?

లైటింగ్‌లోనూ అన్యాయమే. ఆ రోజు ఏరువాక పున్నమి. మన ఊళ్లలో ఎడ్లకు రంగులు పూసి కాడి కట్టే రోజు. పైసా ఖర్చు లేకుండా కొండంతా వెన్నెల. దానికి సంతోషించాల్సింది పోయి, వెలుతురే శత్రువంటారు. పైనున్నవాడికి కిందివాడు బండ మీద చీమలా కనబడతాడట.

ఇక డైలాగులు. పేలుళ్ల మధ్య సెక్షన్ (ప్లటూన్‌లో చిన్న జట్టు) కమాండర్ అరిచే ఆర్డర్‌లో ఉండేవి నాలుగే ముక్కలు: ఎవరు కాల్చాలి, ఎంత దూరం, గురి ఎక్కడ, ఎలా కాల్చాలి. "రెండో సెక్షన్, మూడొందలు, నల్లబండ, మూడు గంటలకి బంకర్, బరస్ట్ ఫైర్." మూడు గంటలంటే టైమ్ కాదు, బండ మీద గడియారం ఉందనుకుంటే మూడంకె ఉండే వైపు. ప్రాస లేదు, మీసం మెలెయ్యడం లేదు. ఆచార్యకి బలమైన గాయమై కదల్లేకపోయినప్పుడైనా ఒక పేజీ మాట్లాడతాడనుకున్నాం. తనను వదిలేసి ముందుకెళ్లమని ఆర్డరిచ్చి, పడున్నచోటి నుంచే కాలుస్తూ ఉండిపోయాడు. గాయపడిన ఒక్కణ్ణి ఆ కొండ దించాలంటే కనీసం నలుగురు కావాలి, అంటే నాలుగు తుపాకులు ఆగిపోతాయి. లెక్క సరిపోయింది గానీ ఫ్లాష్‌బ్యాక్‌కి చోటేది? దాడి చేసిన ఆ గుట్ట, పేరు నోల్, చేతికొచ్చాక ఆయన కన్నుమూశాడు.

పోస్టర్ తగాదా ఇంకా తేలలేదు. అదే రాత్రి అదే పటాలం నుంచి 22 ఏళ్ల లెఫ్టినెంట్ విజయంత్ థాపర్ కూడా నేలకొరిగాడు. బ్లాక్ రాక్ అనే కొండ వైపు నాగాలాండ్ నుంచి వచ్చిన కెప్టెన్ కెంగురూసే ఘాతక్ ప్లటూన్‌తో, అంటే మెరుపుదాడుల దళంతో, ఎక్కాడు. కడుపులో ముక్కలు దిగినా ఆగలేదు. చివర నిటారు గోడ అడ్డొస్తే బూట్లు పట్టు దొరక్క జారుతున్నాయని విప్పేసి, 16,000 అడుగుల దగ్గర ఆ చలిలో వట్టి కాళ్లతో, రాకెట్ లాంచర్‌తో సహా ఎక్కేశాడు. ఆయన ఉండేది ఆర్మీ సర్వీస్ కోర్‌లో, అంటే రేషన్లు, సరఫరాలు చూసే శాఖ. సైడ్ క్యారెక్టర్ క్లైమాక్స్ కొట్టుకుపోతే హీరో ఫ్యాన్స్ ఊరుకుంటారా? ఆచార్యకూ ఆయనకూ ఇద్దరికీ మహావీర చక్రమే ఇచ్చి సైన్యం చేతులు దులుపుకుంది. ఎవరి పేరు ముందు పడాలో చెప్పలేదు. పైగా బూట్లు విప్పేస్తే బూట్ల కంపెనీ స్పాన్సర్‌షిప్ ఏం కావాలి?

చివరిగా ఆ ఉత్తరం. దాడికి కొన్ని రోజుల ముందు ఆచార్య తండ్రికి రాశాడు. పంచ్ లైన్ ఉంటుందని ఆశగా చదివాం. ప్రాణనష్టం గురించి బెంగపడొద్దు, అది ఈ వృత్తిలో ఉన్నదే అన్నాడు. గర్భవతిగా ఉన్న భార్యకి రోజుకో మహాభారత కథ చెప్పమన్నాడు, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు రావాలని. రోజుకి ఒక్కటే. కథ వినాల్సిన బిడ్డ అప్పటికింకా భూమ్మీద పడలేదు. పుట్టని ప్రేక్షకుల కోసం సినిమా తీసేవాళ్లకి ఓపెనింగ్స్ ఎక్కణ్ణుంచొస్తాయి సార్?