ఓర్పు అంతరించిపోతోంది, కాపాడుకుందాం

సమాజ శ్రేయస్సు కోరేవాణ్ణి కాబట్టి ఒక ప్రమాదం గురించి హెచ్చరించక తప్పడం లేదు. నలభై దాటిన ఆడవాళ్లు ఈ మధ్య డాక్టర్ల దగ్గరికి వెళ్లి తమకేమవుతోందో ఉన్నదున్నట్టు చెబుతున్నారు. అంతకన్నా ఘోరం, కొందరు డాక్టర్లు వింటున్నారు.

తరతరాలుగా ఈ విషయంలో మనకొక తిరుగులేని ఏర్పాటు ఉంది. నెలసరి గాడి తప్పినా, అర్ధరాత్రి మెలకువ వచ్చి తెల్లారేదాకా నిద్ర పట్టకపోయినా, గుండె దడదడలాడినా, కీళ్లు పట్టేసినా, నోటిదాకా వచ్చిన మాట గుర్తుకు రాకపోయినా అన్నిటికీ ఒకటే మందు: "టెన్షన్ పడకు." దీనికి ఖర్చు లేదు. ఇచ్చేవాడికి సైడ్ ఎఫెక్టులూ లేవు. అప్పటికీ మాట వినకపోతే దడకి ఒక డాక్టరు, కీళ్లకి ఇంకొకరు, నిద్రకి వేరొకరు, ఊరికే వచ్చే ఏడుపుకి మరొకరు. ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగేసరికి ఆవిడే అలిసిపోయి ఊరుకునేది. వీటన్నిటి వెనకా ఉన్నది ఒకే కారణం కావచ్చని ఎవరికీ తోచకపోవడమే ఈ ఏర్పాటులోని అందం.

ఆ కారణానికి పెరిమెనోపాజ్ అని పేరు పెట్టి ఇప్పుడు బయటపెట్టేశారు. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. దానికి ముందు నడిచే కాలం ఇది. సగటున నాలుగేళ్లు, కొందరికి అంతకు రెట్టింపు. ఈ కాలంలో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఒక క్రమంలో తగ్గదు. ఒకరోజు ఆకాశంలో ఉంటుంది, మరోరోజు పాతాళంలో. అందుకే ఒక రక్తపరీక్షతో ఇది తేలదు. 45 దాటినవాళ్లలో లక్షణాలను బట్టి నిర్ధారించాలే తప్ప హార్మోన్ పరీక్షను నమ్ముకోవద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2015లోనే చెప్పాయి. "రిపోర్టు నార్మల్‌గా ఉందమ్మా, వెళ్లిరండి" అనే సౌకర్యాన్ని ఆ విధంగా వైద్యలోకం చేతుల్లోంచి లాగేసుకున్నారు.

ఒంట్లోంచి ఆవిర్లు రావడం సంగతీ అంతే. మెదడులో హైపోథాలమస్ అనే భాగం శరీరం వేడిని చూసుకుంటుంది. ఈస్ట్రోజన్ పడిపోయేసరికి అది మరీ సున్నితమైపోయి, వేడి రవ్వంత పెరిగినా కొంప అంటుకున్నట్టు హడావిడి చేస్తుందట. రక్తనాళాలు విప్పారతాయి, చెమట ధారలు కడుతుంది, కాసేపటికి చలి పుడుతుంది. ఇదంతా నాకెందుకు చెప్పండి? నా వరకు అది ఫ్యాను స్పీడు గురించిన వివాదం. నేను దుప్పటి ముసుగేసుకుని, అవతలివారికి వినపడేంత గట్టిగా నిట్టూర్చి, నా వంతు సహకారం అందిస్తూనే వచ్చాను.

ఇక హార్మోన్ థెరపీ, అంటే ఒంట్లో తగ్గిన హార్మోన్లను మందుగా ఇవ్వడం. దీన్ని ఆపడానికి మనకు దొరికిన బ్రహ్మాస్త్రం 2002 జూలైలో వచ్చింది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఈస్ట్రోజన్‌కి ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ మందు కలిపి ఇచ్చిన భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందన్నారు. ఆ దెబ్బకి లక్షలమంది మాత్రలు మానేశారు. 26 శాతం! ఎంత నిండైన అంకె! పదివేలమంది ఏడాదిపాటు వాడితే అదనంగా 8 కేసులు అని అదే అంకెను విడమరిచి చెప్పే చాదస్తులను నేను దగ్గరికి రానివ్వను. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63 అనీ, వాళ్లకిచ్చింది గర్భంతో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ అనీ, గర్భసంచి తీసేసినవాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదనీ చదువుతూ పోతే భయం పలచబడిపోతుంది. మా బంధువు ఒకాయన ఆనాటి వార్తకి హెడ్డింగు మాత్రమే చదివారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ ఒక్క హెడ్డింగు మీదే వైద్యసలహాలు ఇచ్చుకొస్తున్నారు. నిబద్ధత అంటే అదీ.

పోనీ ఈ డాక్టర్లయినా "అసలు ముప్పే లేదు" అని బుకాయిస్తే తిట్టడానికి వీలుండేది. అలా అనరు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకి, కారణం తెలియని రక్తస్రావం అవుతున్నవాళ్లకి సాధారణంగా ఇవ్వరట. 60 లోపు, లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్లలోపు మొదలుపెడితే చాలామందికి కీడు కన్నా మేలే ఎక్కువట. మా ఆవిడను ఇవన్నీ అడిగి, బీపీ చూసి, మరీ రాశారు. ఒంటికి అంటించుకుని వారానికి రెండుసార్లు మార్చుకునే ఈస్ట్రోజన్ ప్యాచ్, రాత్రి పడుకునేముందు ప్రొజెస్టెరాన్ అనే రెండో హార్మోన్. చర్మం ద్వారా వెళ్తే మాత్రకున్నట్టు రక్తం గడ్డకట్టే ముప్పు పెరగదన్నారు. గర్భసంచి ఉంది కాబట్టి రెండోది తప్పనిసరి, ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందమై క్యాన్సర్‌కి దారితీయవచ్చన్నారు. మొదట్లో రొమ్ముల్లో సలుపు, మధ్యమధ్య కాస్త రక్తం కనిపించడం మామూలేనని, మూడు నెలలకు మళ్లీ రమ్మని చెప్పారు. ఇది గర్భనిరోధకం కాదు సుమా అని ఇద్దరి మొహాలూ చూసి మరీ చెప్పారు. ఆ వాక్యం నాకు అనవసరం అనిపించింది.

నేను ఊరుకోలేదు. "ఇది సహజం కదండీ, సహజమైనదానికి మందెందుకు?" అని అడిగాను. డాక్టరుగారు నా కళ్లజోడు వైపు చూసి, "చత్వారం కూడా సహజమేనండీ" అన్నారు. ఇది పొంతన లేని వాదన. కళ్లజోడు నాకు అవసరం. 1998లో వయాగ్రా వచ్చినప్పుడు కూడా వయసును హుందాగా ఒప్పుకోవాలని మగవాళ్లకి ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. అవసరాలను గుర్తించే సంస్కారం అప్పట్లో ఉండేది.

సరే, ఆవిడ మొదలుపెట్టింది. పర్యవసానాలు చూడండి. రాత్రిళ్లు నిద్రపోతోంది. దాంతో ఇంతకాలం ఆవిడ మెలకువ ఖాతాలో కలిసిపోయిన నా గురక విడిగా బయటపడింది. అంతకన్నా నష్టం, మతిమరుపు తగ్గింది. ఒకప్పుడు బిల్లు కట్టకపోతే "నీకు చెప్పాగా, నువ్వే మర్చిపోయావు" అంటే సాగిపోయేది. పాపం, తన బుర్ర మీద తనకే నమ్మకం లేక ఒప్పేసుకునేది. ఇప్పుడు నేను ఏ రోజున ఏ మాటన్నానో తారీఖుతో సహా అప్పజెబుతోంది. ఒక నిండు సంసారంలో ఇంత జ్ఞాపకశక్తి అవసరమా?

కోపం కూడా తగ్గింది. అయితే పూర్తిగా పోలేదు. ఇన్నేళ్లూ ఆ కోపమంతా హార్మోన్లదేనని నేను నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు హార్మోన్లు సర్దుకున్నాయి, చెమటలు ఆగాయి, నిద్ర వచ్చింది, కోపం మాత్రం ఒక మోతాదులో అలాగే ఉంది. అది కూడా గిన్నెలు కడిగేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, నేను టీవీ చూసేటప్పుడు మాత్రమే. మూడు నెలల చెకప్‌కి నేనూ వెంట వెళ్లి, డోసు కాస్త పెంచమని డాక్టరుగారిని బతిమాలాను. డాక్టరమ్మ మా ఇంటి పనుల గురించి నాలుగు ప్రశ్నలడిగి, డోసు సరిపోయిందని, ఆ మిగిలిన కోపం జబ్బు లక్షణం కాదని, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి వచ్చేదేనని చీటీలో రాసిచ్చారు.