కనబడని సూచన సూచనెలా అవుతుంది?

సినిమా చివర రాబోయే మలుపును మొదట్లోనే చూచాయగా చెప్పాలని, అయినా ప్రేక్షకుడు దాన్ని గమనించకుండా దాటిపోవాలని కొందరు విమర్శకులు కోరుతున్నారు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్న మనిషికి ఒక వస్తువును చూపిస్తూనే, అది అతని కంట పడకుండా చూసుకోవాలనడం ఏ రకం వ్యాపారనీతో నాకు బోధపడదు. ఈ విషయంలో మన తెలుగు సినిమా పాటిస్తున్న పారదర్శకతను ఎవరూ మెచ్చుకోకపోవడం విచారకరం.

హీరో స్నేహితుడు "వచ్చే నెల మా చెల్లి పెళ్ళిరా" అన్నాడంటే, శుభలేఖకు పూసిన పసుపు ఆరకముందే అతనికి నూకలు చెల్లుతాయని హాల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. తల్లి ఒక్కసారి దగ్గిందా, ఇక రెండో దగ్గు అవసరమే లేదు. అన్నిటికన్నా ఘనమైనది, హీరో తండ్రికి పాత మిత్రుడైన పెద్దమనిషి ఉదంతం. ఆయన హీరో భుజం మీద చెయ్యి వేసి "నువ్వు నా కన్నకొడుకుతో సమానం బాబూ" అంటాడు. హీరో అటు తిరిగి వెళ్ళిపోయినా కెమెరా మాత్రం ఆయన ముఖాన్ని వదలదు. పెదవుల మీది నవ్వు మెల్లగా కరిగిపోతుంటే వయొలిన్లు మూలుగుతాయి. అప్పటికీ అర్థం కాని మందమతులు ఒకరిద్దరుంటారేమోనన్న జాలితో, భౌతికశాస్త్రం ఒప్పుకోకపోయినా సరే, మెరుపునూ ఉరుమునూ ఒకే క్షణాన వినియోగిస్తారు.

పరాయి దేశాల వారికి ఈ దయ లేదు. 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’లో లాడ్జి నడిపే కుర్రవాడు, లోపల పదార్థం కూరి నిలబెట్టిన చచ్చిన పక్షుల మధ్య కూర్చుని, తన తల్లి కూడా ఆ పక్షుల్లాగే ఎవరికీ హాని చేయనిదని చెబుతాడు. ఆమె ఎప్పుడో చచ్చిపోయి, ఆ పక్షుల్లాగే కూరబడి ఇంట్లో ఉందన్న నిజమంతా ఆ మాటలోనే ఉంది. కానీ అక్కడ డప్పు మోగదు, కెమెరా ముఖం మీదికి దూకదు, సంభాషణ మామూలుగా సాగిపోతుంది. పాపం ప్రేక్షకుడు రెండోసారి చూసినప్పుడు గానీ నెత్తి కొట్టుకోడు. ఒక్క కథకు రెండు టిక్కెట్లు కొనిపించే ఈ పద్ధతిని వినియోగదారుల కమిషన్ ఇంతవరకు పట్టించుకోకపోవడం ఆశ్చర్యం.

ఈ దురలవాటు మనకు కొత్తదేమీ కాదని ఒప్పుకోక తప్పదు. భవభూతి సంస్కృత నాటకం ‘ఉత్తరరామచరితం’ మొదటి అంకంలో సీత నిద్రపోతుండగా రాముడు, ఈమె విషయంలో తనకు సహింపరానిది విరహం ఒక్కటే అనుకుంటాడు. సరిగ్గా అప్పుడే ద్వారపాలిక వచ్చి "దేవా, ఉపస్థితః" అంటుంది. ‘వచ్చేసింది’ అని మనకు వినబడుతుంది. గూఢచారి దుర్ముఖుడు వచ్చాడని ఆవిడ ఉద్దేశం. ఆ దుర్ముఖుడు మోసుకొచ్చిన లోకాపవాదమే తర్వాత సీతను అడవికి పంపుతుంది. ఇటువంటి దానికి కావ్యలక్షణాలు రాసిన ఆలంకారికులు పతాకాస్థానకమని పేరు పెట్టి మురిసిపోయారు. ఇంత పెద్ద విపత్తుకు ఒకే ఒక్క మాట, అదీ ద్వారపాలిక చేత! మనవాళ్ళయితే దుర్ముఖుణ్ణి గుర్రం మీద, స్లోమోషన్‌లో, దుమ్ము రేపుకుంటూ దించేవారు.

మా బాబాయికి ఈ శాస్త్రచర్చలతో పని లేదు. మొన్న ఒక సినిమాకు వెళ్తే, టైటిల్స్ పడిన ఇరవై నిమిషాలకే నా చెవి దగ్గరకు వంగి, హంతకుడు ఆ ఫ్యామిలీ డాక్టరేనన్నాడు. ఎలా తెలిసిందని అడిగాను. "ఒరే, ఆ వేషం వేసిన నటుడి రేటెంతో తెలుసా? అంత డబ్బిచ్చి బీపీ చూడటానికి పెట్టుకుంటారట్రా?" అన్నాడు. తర్వాత ఒక చోట డాక్టరు నవ్వు కరగడం, వయొలిన్లు అందుకోవడం చూసి, ఇంటర్వెల్ కార్డు పడకముందే చెప్పులు వెతుక్కుని లేచాడు. డాక్టరు అసలు రూపం బయటపడినప్పుడు హాలంతా నోరు తెరిచింది, నేనూ తెరిచాను. తేరుకుని నేను క్యాంటీన్ క్యూలో చివర నిలబడేసరికి ఆయన రెండో సమోసా తింటున్నాడు.