కారణాంకం చూపకుండానే తీర్పు

13,62,79,841 రెండ్లను వరుసగా గుణించి ఒకటి తీసివేస్తే వచ్చేది ప్రధాన సంఖ్యేనని 2024 అక్టోబరులో తేలింది. ఎన్‌విడియా మాజీ ఉద్యోగి ల్యూక్ డ్యూరాంట్, గింప్స్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టులో భాగంగా దాన్ని పట్టుకున్నారు. అందులో 4,10,24,320 అంకెలు ఉన్నాయి. మన దగ్గర చర్చ ఆ అంకెల దగ్గరే ఆగిపోయింది.

లెక్కల మాస్టార్ల కోసం బడులు ఎదురుచూసే శ్రీకాకుళంలో ఈ విలాసం ఎందుకని అడిగేవారున్నారు. వారి బాధ న్యాయమైనదే. ఫోనులో డబ్బు చెల్లింపులకు ఇలాంటి సంఖ్యలే కాపలా అని సర్దిచెప్పేవారిని మాత్రం నమ్మకండి. రహస్య సంకేతాలకు కొన్ని వందల అంకెల ప్రధాన సంఖ్యలు చాలు. కోట్ల అంకెలున్న దీనితో ఏ పనీ జరగదు. ఒప్పేసుకుందాం.

నన్ను నిలవనీయనిది వేరే ఉంది. ఇది ప్రధాన సంఖ్య అని రుజువు చేయడానికి ఎవరూ కారణాంకాల కోసం వెతకలేదు. మొదటి అనుమానం వేరే పరీక్షలో తగిలినా, తిరుగులేని రుజువు ఇద్దరు గణితజ్ఞుల పేరు మీదున్న లూకాస్–లెమర్ పద్ధతిదే. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసివేయండి. పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోండి. ఘాతం, అంటే ఎన్ని రెండ్లను గుణించామో ఆ సంఖ్య, కంటే రెండు తక్కువ సార్లు ఇదే చేయండి. చివర సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 127, అంటే 2⁷ − 1 తీసుకుంటే శేషాలు 14, 67, 42, 111, 0. అయిదు మెట్లలో పని అయిపోయింది! 2¹¹ − 1 అయిన 2047కు తొమ్మిదో మెట్టులో 1736 మిగులుతుంది. కనుక అది ప్రధాన సంఖ్య కాదు. అయితే అది 23, 89ల లబ్ధమన్న సంగతి ఆ శేషం చెప్పదు. దొంగ ఎవరో తెలియకుండానే దొంగతనం జరిగిందని నిరూపించడం లాంటిది ఇది. 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదని లూకాస్ 1876లోనే తేల్చారు. దాని కారణాంకాలు బయటపడింది 1903లో, గణితజ్ఞుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ చేతిలో.

జవాబు కన్నా రుజువు ముందు నడిచే ఈ తమాషాను మన పిల్లలకు ఎవరు చూపిస్తున్నారు? విజయనగరాన్ని విద్యల నగరమంటాం, మహారాజా కళాశాల వైభవం తలచుకుని మురిసిపోతాం. ఇంటర్ పిల్లల ముందు పెట్టేది మాత్రం నాలుగు ఆప్షన్ల బిట్లు. ఆప్షన్లను ఒక్కొక్కటిగా ప్రతిక్షేపించి సరిపోయినదాన్ని గీటే చిట్కాకు ప్రతిభ అని పేరు పెట్టాం. ఎందుకలా వచ్చిందని అడిగిన పిల్లవాడు మన కోచింగ్ తరగతిలో టైము తినేసేవాడు. ఈఏపీసెట్ ర్యాంకు వస్తుంది, హైదరాబాదో బెంగళూరో పోతాడు, గణితంతో బంధం అక్కడితో తెగిపోతుంది.

రాజాంలోనో బొబ్బిలిలోనో ఏదో ఒక కళాశాల ఈ ఏడాది లెక్కల పరీక్షలో ఒక్క ప్రశ్న ఇవ్వాలి: 8191, అంటే 2¹³ − 1, ప్రధాన సంఖ్య అవునో కాదో పదకొండు మెట్లూ రాసి తేల్చండి. మెట్టుకో మార్కు. కాలిక్యులేటర్ కావాలంటే ఇవ్వండి, ఆప్షన్లు మాత్రం ఇవ్వకండి.