పది రూపాయల బిళ్ల చెల్లదంట! ఎవరు చెప్పినారు?

మొన్న ఆదివారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే మెసేజ్ వచ్చింది. కొన్నేళ్లుగా చూస్తున్నాను, పండక్కి వచ్చే అల్లుడిలా ఏడాదికి రెండుసార్లయినా వచ్చిపోతుంది. "ముఖ్య గమనిక: రిజర్వ్ బ్యాంకు పది రూపాయల నాణేన్ని రద్దు చేసింది. రూపాయి గుర్తు లేనివి, పదిహేను గీతలు ఉన్నవి దొంగ నాణేలు. తయారీ ఆపేశారు కాబట్టే మన ఊళ్లకు రావడం లేదు. బ్యాంకులు కూడా తీసుకోవడం లేదు. అందరికీ పంపండి." కింద పదకొండు మంది దండాలు పెట్టారు.

అనంతపురంలో కూర్చుని చదివితే ఇది నిజమే అనిపిస్తుంది. మా వీధి చివర ఉగ్గాని, బజ్జీ అమ్మే అవ్వకు పది బిళ్ల ఇస్తే ఇప్పటికీ వెనక్కి తోస్తుంది. "వద్దప్పా, నేను తీసుకుంటే మళ్లీ నా దగ్గర ఎవురు తీసుకుంటారు?" ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా బావమరిది ముంబైలో పని చేస్తాడు, ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తాడు. సోలాపూర్ స్టేషన్‌లో టీకి చెల్లిన బిళ్ల, గుంతకల్లు దాటి ఇక్కడ దిగేసరికి చెల్లని కాసు అయిపోతుంది. రైలు మారలేదు, జేబూ మారలేదు.

సరే, మెసేజ్‌లో ఉన్నవి ఒక్కొక్కటే చూద్దాం.

రిజర్వ్ బ్యాంకు రద్దు చేసిందట. అసలు నాణెం రిజర్వ్ బ్యాంకుది కాదు. నోటు మీద గవర్నర్ సంతకం ఉంటుంది, ఇన్ని రూపాయలు చెల్లిస్తానన్న హామీ ఉంటుంది. బిళ్ల మీద ఆ సంతకం ఎక్కడైనా కనిపించిందా? నాణేలు కేంద్ర ప్రభుత్వానివి. 2011 నాటి నాణేల చట్టం కింద ప్రభుత్వమే చేయిస్తుంది, రిజర్వ్ బ్యాంకు పంచిపెడుతుంది, అంతే. రద్దు చేయాలన్నా ప్రభుత్వమే గెజిట్‌లో ప్రకటించాలి. పావలా అట్లాగే పోయింది. ముందే చెప్పి, మార్చుకోవడానికి టైమిచ్చి, 2011 జూన్ 30తో 25 పైసలు, అంతకంటే చిన్నవి చెల్లకుండా చేశారు. పది రూపాయల బిళ్లకు అట్లాంటి ప్రకటన ఏదీ రాలేదు. పైగా 2018 జనవరి 17న రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చి, అప్పటిదాకా వచ్చిన 14 రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని చెప్పింది. జనం ఫోన్ చేసి వినడానికి 14440 నంబరు కూడా పెట్టింది. ఆ ప్రకటనను ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు, దానికి దండాలూ రాలేదు.

ఇక గీతల సంగతి. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని మనకు సామెత ఉంది కదా, ఈ పుకారు పుట్టించినవాడు దాన్ని మరీ సీరియస్‌గా తీసుకున్నట్టున్నాడు. పది రూపాయల బిళ్ల జనం చేతికి వచ్చింది 2009లో. రూపాయి గుర్తును ప్రభుత్వం ఖాయం చేసింది 2010 జులైలో. అంతకుముందు తయారైన నాణెం మీద ఆ గుర్తు ఎట్లా ఉంటుంది? పాత డిజైన్‌లో పదిహేను గీతలుండేవి, 2011లో గుర్తు వేసిన డిజైన్‌లో పది చేశారు. రెండూ టంకశాల నుంచి వచ్చినవే. మధ్యలో పార్లమెంటు అరవై ఏళ్లకు ఒకటి, వైష్ణోదేవి బొమ్మతో ఒకటి, అంబేద్కర్ 125వ జయంతికి ఒకటి, యోగా దినానికి ఒకటి వచ్చాయి. ఇన్ని ముఖాలున్న నాణేన్ని చూసి జనం తికమకపడటం సహజమే. ఆ విషయంలో ప్రభుత్వానిదీ కొంత తప్పు ఉందని నేనంటాను. దొంగ బిళ్లలు అసలే లేవని చెప్పను, పోలీసులు పట్టుకున్న సందర్భాలున్నాయి. కానీ గీతలు లెక్కపెడితే అవి బయటపడవు.

తయారీ ఆపేశారన్నది తప్పు. 2019 మార్చిలో చూపులేనివాళ్లు కూడా గుర్తుపట్టేలా కొత్త వరస నాణేలు విడుదల చేశారు, అందులో పది రూపాయలది ఉంది. పన్నెండు అంచుల ఇరవై రూపాయల బిళ్ల కూడా ఆ వరసలోదే.

మరి మన దగ్గరకు ఎందుకు రావడం లేదు? ఈ ప్రశ్న మాత్రం న్యాయమైనది.

నాణేలు తయారయ్యేది ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడాల్లో. మనకు దగ్గరిది హైదరాబాద్ చర్లపల్లి టంకశాల. కర్నూలు మీదుగా వస్తే అనంతపురానికి సుమారు 360 కిలోమీటర్లు. నోట్లయితే నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బొనిల్లో అచ్చవుతాయి. అక్కడి నుంచి రిజర్వ్ బ్యాంకుకున్న 19 ఇష్యూ ఆఫీసులకు, అంటే నోట్లు పంపిణీ చేసే దాని సొంత కార్యాలయాలకు, వాటి నుంచి కరెన్సీ చెస్ట్‌లకు వెళ్తాయి. చెస్ట్ అంటే బ్యాంకు బ్రాంచిలోనే ఉండే ఖజానా. 2024 మార్చి నాటికి దేశం మొత్తం మీద దాదాపు 2,800 ఉండేవి, సగానికి పైగా స్టేట్ బ్యాంకువే. గది బ్యాంకుదే అయినా లోపలి సొమ్ము రిజర్వ్ బ్యాంకుది. బ్యాంకు తన అవసరానికి బయటకు తీసినప్పుడే అది చలామణీలోకి వచ్చినట్టు లెక్క. నాణేలకూ ఇట్లాగే డిపోలుంటాయి.

ఇప్పుడు బరువు చూడండి. ఒక్కో పది బిళ్ల సుమారు 7.7 గ్రాములు. లక్ష రూపాయల బిళ్లలంటే 77 కిలోలు, దాదాపు రెండు మూటల వేరుశనక్కాయలంత. అదే లక్ష 500 నోట్లలో అయితే రెండు కట్టలు, చొక్కా జేబులో పట్టేస్తాయి. కాబట్టి అడిగేవాడు లేకపోతే ఏ బ్రాంచీ బిళ్లలు మోసుకు రాదు. అంగడివాడు బ్యాంకులో బిళ్లలు అడగడు, ఎందుకంటే గిరాకీ తీసుకోడు. గిరాకీ తీసుకోడు, ఎందుకంటే పక్క అంగడివాడు తీసుకోడు. బావిలో నీళ్లున్నాయి, చేద వేసేవాళ్లు లేరు. వాళ్లు పంపకపోవడం వల్ల మనం వాడటం లేదని మెసేజ్ అంటోంది. నా లెక్కలో అది తలకిందులు.

దీని దెబ్బ పడేది పది నోటు మీద. 2024 మార్చి చివరికి దేశంలో దాదాపు 2,490 కోట్ల పది నోట్లు తిరుగుతున్నాయి. సంఖ్యలో 500 నోటు తర్వాత అదే ఎక్కువ. అయినా మన కూరగాయల మార్కెట్లో చేతికొచ్చేది టేపు అంటించినది, పసుపు మరకలది, నాలుగు మడతల దగ్గరా చిల్లులు పడినది. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టడం మామూలైపోయింది.

ఈ మెసేజ్‌కు పోటీగా ఇంకోటి తిరుగుతోంది: "బిళ్ల తీసుకోకపోతే 124ఎ సెక్షన్ కింద రాజద్రోహం కేసు." అదీ అబద్ధమే. ఆ సెక్షన్‌కు నాణేలతో సంబంధం లేదు, అది ఉన్న భారత శిక్షాస్మృతే (ఐపీసీ) 2024 జులై 1తో పక్కకు పోయింది. నాణేల చట్టంలో ఏడేళ్ల దాకా జైలు ఉన్న మాట నిజమే, అది నాణేలు కరిగించేవాళ్లకూ పాడుచేసేవాళ్లకూ. ఉగ్గాని అవ్వను రాజద్రోహి చేయకండి. ఇంకో సంగతి, ఒక లావాదేవీలో రూపాయి, అంతకు మించిన బిళ్లలు వెయ్యి రూపాయల వరకే చట్టప్రకారం చెల్లుబాటు. బైకు షోరూముకు మూటతో పోయి వీడియో తీసేవాళ్లు అది చూసుకోవాలి.

చివరిది, బ్యాంకులు తీసుకోవడం లేదన్నది. ఇందులో నిప్పు లేకుండా పొగ రాలేదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఏ బ్రాంచీ నాణేలు కాదనకూడదు, ఖాతాలో వేయడానికి పరిమితి కూడా లేదు. కానీ కౌంటర్లో లెక్కపెట్టాల్సిన మనిషికి అది పెద్ద టెన్షన్. అవ్వ దగ్గర ఒక పాల డబ్బా నిండా పాత పది బిళ్లలుంటే పోయిన నెల నేనే వెంట పోయాను. పేరు చెప్పను గానీ, ఆ బ్రాంచిలో మొదట "రేపు రండి" అన్నారు. మేము కదలలేదు. నూరేసి బిళ్లలు ప్లాస్టిక్ కవర్లలో ముందే కట్టి తెచ్చినందుకు మేనేజరు చూసి తీసుకోమన్నారు. రెండు కవర్లూ, పైన ఒక ముప్పై నాలుగు. 2,340 రూపాయలు అవ్వ ఖాతాలో పడ్డాయి. రసీదు మడిచి కొంగున కట్టుకుంది.

మరుసటి రోజు పొద్దున్నే ఉగ్గాని తిని పది బిళ్ల ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"నోటు లేదా అప్పా?"