వేణ్నీళ్ల లెక్క శ్లాబులోనే ఉంది

కార్తీకం ముగిసి తెల్లవారుజామున చలిగాలి తగలడం మొదలైతే విశాఖలో చాలా ఇళ్లలో వేణ్నీళ్ల చర్చ లేస్తుంది. పాత గీజర్ కాలిపోయిన ఇల్లు, కొత్త ఫ్లాటులో దిగిన ఇల్లు, పసిబిడ్డ పుట్టిన ఇల్లు అడిగేది ఒకటే: గ్యాసుదా, కరెంటుదా? కరెంటు గీజరైతే బిల్లు తడిసి మోపెడవుతుందనీ, గ్యాసుదైతే చవకనీ ఒక నమ్మకం నగరంలో స్థిరపడిపోయింది. ఆ నమ్మకం సగానికి పైగా తప్పు. దాన్ని పట్టుకుని గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు మంట వెలిగించుకుంటున్న ఇళ్లున్నాయి కాబట్టి ఈ లెక్క విప్పి చూడటం అవసరం.

ఒక యూనిట్ కరెంటు 860 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడెక్కిస్తుంది. జనవరి ఉదయం మన ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు 24 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండే వేడి 40. అంటే 16 డిగ్రీలు పెంచాలి. నలుగురున్న ఇంట్లో మనిషికి 20 లీటర్ల బకెట్ చొప్పున 80 లీటర్లకు రోజుకు ఒకటిన్నర యూనిట్, నెలకు 45 యూనిట్లు. షవర్ కింద పావుగంట నిలబడేవారున్న ఇంట్లో ఇది రెట్టింపవుతుంది. ఏ గీజర్ కొన్నా నీటికి అందాల్సిన వేడి మాత్రం ఇంతే.

ఇదే వేడిని గ్యాసుతో ఇద్దాం. కిలో ఎల్పీజీలో దాదాపు 12.6 యూనిట్ల వేడి ఉంటుంది, 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 180. గ్యాసు గీజర్ అందులో 82 శాతం నీటికి ఎక్కిస్తే 148 యూనిట్లు దక్కుతాయి. సిలిండర్ 900 రూపాయలు అనుకుంటే యూనిట్ ఆరు రూపాయల ఎనిమిది పైసలు పడుతుంది. ధర మారినప్పుడు సిలిండర్ ధరను 148తో భాగిస్తే చాలు. నలుగురి ఇంటికి నెలకు నాలుగు కిలోల పైచిలుకు గ్యాసు, అంటే దాదాపు 273 రూపాయలు. ఒక్క సిలిండర్‌తో చలికాలం వెళ్లిపోతుంది. డాల్ఫిన్ నోస్ కొండ అడుగున 60 వేల టన్నుల ఎల్పీజీ నిల్వ చేసే గుహ మన ఊళ్లోనే ఉన్నా ధర ఇక్కడ నిర్ణయం కాదు. దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే గనుక పశ్చిమాసియాలో ఏం జరిగినా దాని సెగ మన సిలిండర్‌కు తగులుతుంది.

ఇక కరెంటు. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి సగటు ధర తీస్తే గీజర్ ఖర్చు తేలదు. గీజర్ యూనిట్లు ఇంటి వాడకం మీద అదనంగా వచ్చి చేరేవి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఆ మెట్లే శ్లాబులు. గీజర్ యూనిట్లు పడేది చివరి శ్లాబులో. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన గృహ శ్లాబుల ప్రకారం 76 నుంచి 125 యూనిట్ల వరకు నాలుగున్నర రూపాయలు, 126 నుంచి 225 వరకు ఆరు, 226 నుంచి 400 వరకు ఎనిమిది రూపాయల 75 పైసలు. వీటికి విద్యుత్ సుంకం ఆరు పైసలు, సర్దుబాటు ఛార్జీ 40 పైసలు కలిపి చూద్దాం. 45 యూనిట్లకు నాలుగున్నర శ్లాబులో 223 రూపాయలు, ఆరు రూపాయల శ్లాబులో 291, ఎనిమిది ముప్పావు శ్లాబులో 414. గ్యాసు 273 దగ్గర నిలిచింది. మధ్య శ్లాబులో తేడా నెలకు 18 రూపాయలు. దిగువ శ్లాబులో కరెంటే 50 రూపాయలు చవక.

బిల్లు చూసి భయపడేవారు మరచిపోయే విషయం ఇంకొకటుంది. విశాఖలో గీజర్ నడిచే నెలల్లో ఏసీ నడవదు. ఏప్రిల్, మే నెలల్లో 350 యూనిట్లు కాల్చే ఇల్లు డిసెంబరు, జనవరిలో 150 దగ్గరికి దిగుతుంది. దానికి 45 కలిపినా 195. ఆరు రూపాయల గీత దాటదు. వేసవి బిల్లు చూపించి చలికాలపు గీజర్ కొనడం తప్పు లెక్క. కిందటి డిసెంబరు, జనవరి బిల్లులు తీసి యూనిట్లు చూడండి. 180 లోపుంటే గ్యాసు గీజర్‌తో మిగిలేది ఏమీ లేదు. చలికాలంలోనూ 225 దాటుతూ ఆరేడుగురు ఉండే ఉమ్మడి కుటుంబాలకే గ్యాసుతో నిజమైన ఆదా ఉంది.

తక్కువ రద్దీ వేళల కరెంటు సంగతికొద్దాం. ఆస్ట్రేలియాలో దశాబ్దాలుగా నీళ్ల హీటర్‌కు విడి సర్క్యూట్ ఇచ్చి, రద్దీ లేని రాత్రి వేళ మాత్రమే నడిపి, దానికి తక్కువ ధర వేస్తున్నారు. ఇళ్ల మీద సోలార్ పలకలు పెరిగాక ఆ వేళను అక్కడ కొంత మధ్యాహ్నానికి జరుపుతున్నారు. మన దేశంలో కొత్త నిబంధనల ప్రకారం చవక వేళ అంటే పగటి ఎండ వేళే. కేంద్రం 2023 జూన్‌లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం రోజులో ఎనిమిది గంటల ఎండ వేళ ధర మామూలు ధర కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, రద్దీ వేళ గృహాలకు కనీసం పది శాతం ఎక్కువ ఉండాలి. వ్యవసాయం మినహా అందరికీ 2025 ఏప్రిల్ 1 గడువుగా పెట్టారు. ఏ వేళ ఎంత వాడారో నమోదు చేసే స్మార్ట్ మీటర్ బిగించాకే ఇది వర్తిస్తుంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి విశాఖ ఆనుకునే ఉంది కాబట్టి గడియారం పన్నెండు చూపే వేళకు అటూ ఇటుగా మనకు సూర్యుడు ఆ రోజుకు అత్యంత ఎత్తున ఉంటాడు. ఎండ వేళ అనే మాట మనకు అతికినట్టు సరిపోతుంది.

కానీ స్నానం ఉదయం ఆరు గంటలకు. మధ్యాహ్నం మూడింటికి కాచిన నీళ్లు పదిహేను గంటలు నిలవాలి. గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలకు కాగితే, చన్నీళ్లు కలిపి 80 లీటర్లు 40 డిగ్రీలు చేయడానికి దాదాపు 36 లీటర్ల వేణ్నీళ్లు కావాలి. అందరి ఇళ్లలో ఉండే 15 లీటర్ల గీజర్ ఇచ్చేది 34 లీటర్లు, అంటే రెండు బకెట్లు కూడా నిండవు. 25 లీటర్లదీ చాలదు. కనీసం 35 లీటర్లది ఉండాలి. పైగా నిలవలో వేడి కారిపోతుంది. కరెంటు పొదుపును నక్షత్రాలతో చూపే స్టార్ లేబుల్ మీద 24 గంటల నష్టం యూనిట్లలో రాసి ఉంటుంది. ఆ అంకెను 45 డిగ్రీల తేడా మీద లెక్కగడతారు. అది 0.6 అయితే మన వాతావరణంలో 60 డిగ్రీల నీళ్లకు పదిహేను గంటల్లో సుమారు 0.3 యూనిట్ పోతుంది.

ఇప్పుడు ఆరు రూపాయల శ్లాబులో పోల్చండి. ఉదయం మామూలు ధరకు ఒకటిన్నర యూనిట్, తొమ్మిది రూపాయలు. మధ్యాహ్నం 20 శాతం తగ్గింపుతో 1.8 యూనిట్లు, ఎనిమిది రూపాయల 64 పైసలు. రోజంతా నీళ్లు నిలవబెట్టి మిగిల్చింది 36 పైసలు! ఉదయం రద్దీ వేళగా ప్రకటించి పది శాతం పెంచితే మిగులు రూపాయి 26 పైసలకు చేరుతుంది, నెలకు 38 రూపాయలు. దీనికోసం కొత్త గీజర్ కొనమని ఎవరికీ సలహా ఇవ్వలేం. 20 శాతం తగ్గింపు నిల్వ నష్టానికే సరిపోతోందని విద్యుత్ నియంత్రణ మండలి గుర్తించాలి.

సాయంత్రం స్నానం చేసేవారి సంగతి వేరు. షిఫ్టు దిగి మధ్యాహ్నమే ఇల్లు చేరేవారికి, బడి నుంచి వచ్చిన పిల్లలకు ట్యాంకు నీళ్లే 28 డిగ్రీలకు కాగి ఉంటాయి. పెంచాల్సింది 12 డిగ్రీలే. 80 లీటర్లకు 1.1 యూనిట్ చాలు. నిల్వ నష్టం దాదాపు సున్నా. తగ్గింపు ధర పూర్తిగా చేతికొచ్చేది ఇక్కడే.

డబ్బు లెక్క పక్కన పెట్టి గ్యాసు గీజర్‌లో ప్రాణం మీదికి వచ్చే సంగతి చెప్పాలి. కిలో ఎల్పీజీ సరిగా మండాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. నిమిషానికి ఆరు లీటర్ల గీజర్ గంటకు 900 గ్రాముల దాకా కాలుస్తుంది. ఐదడుగులు ఏడడుగుల స్నానాల గదిలో ఉన్న గాలి ఎనిమిది ఘనపు మీటర్లు. తలుపు, వెంటిలేటర్ మూసి ఇరవై నిమిషాలు గీజర్ నడిపితే దాదాపు సగం గదికి సరిపడే గాలిని మంటే వాడేసుకుంటుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ నీలిమంట పసుపవుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాసుకు కలిపే ఘాటు వాసన మండని గ్యాసుకే ఉంటుంది, మండిన తర్వాత అది హెచ్చరించదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఈ విషవాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, ఆ తర్వాత కాళ్లలో సత్తువ పోవడం. తలుపు గడియ తీసేంత శక్తి కూడా మిగలదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందన్న ధీమా పనికిరాదు. గాలి లోపలికి వచ్చే దారి లేని గదిలో ఆ ఫ్యాన్ గీజర్ పొగనే వెనక్కి లాగుతుంది.

అందుకే గ్యాసు గీజర్ స్నానాల గదిలో ఉండకూడదు, కిటికీ ఉన్నా సరే. వంటింటి వెనక తెరిచి ఉన్న బాల్కనీలో బిగించి వేణ్నీళ్ల పైపును మాత్రమే లోపలికి తేవాలి. ఆరు మీటర్ల అరంగుళం పైపులో మొదట ఒక లీటరు చన్నీళ్లు వస్తాయి, అంతే. స్టవ్ గొట్టానికి టీ జాయింట్ పెట్టి గీజర్‌కు గ్యాసు లాగవద్దు. రెండో సిలిండర్, విడి రెగ్యులేటర్, నారింజ రంగు సురక్ష గొట్టం ఉండాలి. ఆ గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. పై అంతస్తువారికి ఇంకో చిక్కు. చాలా మోడళ్లకు ట్యాంకు అడుగు నుంచి గీజర్ దాకా రెండున్నర, మూడు మీటర్ల ఎత్తు లేకపోతే నీటి ఒత్తిడికి లేవాల్సిన లోపలి పొర (డయాఫ్రం) లేవదు, మంట అంటుకోదు. గీజర్ చెడిపోయిందనుకుని మెకానిక్‌ను పిలుస్తారు. అంతకన్నా ముందు వడపోత జాలీలో మట్టి, బ్యాటరీల బలం చూసుకోవాలి.

కరెంటు గీజర్‌కు మన ఊళ్లో శత్రువులు ఇద్దరు, ఉప్పు గాలి, బోరు నీళ్లు. సముద్రానికి దగ్గరి ఇళ్లలో 16 ఆంపియర్ల సాకెట్ పిన్నులు తుప్పుపట్టి వదులవుతాయి, వదులైన చోట వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ప్లగ్గు నల్లబడితే వెంటనే సాకెట్ మార్చాలి. రెండు కిలోవాట్ల గీజర్‌కు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కరెంటు మితిమీరితే ఆపేసే 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ, పనిచేసే ఎర్త్ తప్పనిసరి. వేళకు దానంతటదే గీజర్ వేసి ఆపే టైమర్ పెట్టుకుంటే అదీ 16 ఆంపియర్లదే కావాలి. కుళాయి నీళ్లతో పాటు బోరు నీళ్లు కూడా ట్యాంకులోకి ఎక్కించే అపార్టుమెంట్లలో ఎలిమెంట్‌కు సున్నం పేరుకుంటుంది, గీజర్ ట్యాంకు తుప్పుపట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ త్వరగా అరిగిపోతుంది. ఏడాదికోసారి విప్పి చూడాలి, కడ్డీ లోపలి తీగ కనిపిస్తే దాన్ని మార్చాలి. వెంటనే వాడుకునే నీళ్లకు థర్మోస్టాట్ 50 చాలు. పూట నిలవ ఉంచేవారు మాత్రం 60కి పెట్టాలి, గోరువెచ్చని నీళ్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది.

సొంత మిద్దె ఉన్నవారికి సోలార్ వాటర్ హీటర్ ఈ రెండింటికన్నా మేలు. ఫ్లాటువాసులకు ఆ అవకాశం తక్కువ.

విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కమ్‌లు) ఏటా నవంబరు చివరికి వచ్చే సంవత్సరపు టారిఫ్ ప్రతిపాదనలు దాఖలు చేస్తాయి, ఆపై మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. గీజర్‌కు విడి సర్క్యూట్, మధ్యాహ్నం 30 నుంచి 40 శాతం తగ్గింపు, అదీ కోరుకున్న ఇంటికే అన్న డిమాండును ఈసారి విశాఖ నివాసుల సంఘాలు లిఖితపూర్వకంగా ముందుంచాలి. 40 శాతమైతే పై లెక్కలో మధ్యాహ్నపు ఖర్చు ఆరు రూపాయల 48 పైసలకు దిగుతుంది, ఉదయం రద్దీ ధర పెంచకుండానే నెలకు 75 రూపాయలు మిగులుతుంది. విశాఖ కేంద్రంగా పనిచేసే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ స్మార్ట్ మీటర్ పెట్టే ముందే ప్రతి ఇంటికీ దాని చలికాలపు బిల్లు పాత పద్ధతిలో ఎంత, కొత్త వేళల ధరలో ఎంత అని పక్కపక్కన చూపించాలి. నగరపాలక సంస్థ ప్లాన్ మంజూరులో ప్రతి స్నానాల గదికీ 16 ఆంపియర్ల విడి లైను, గ్యాసు గీజర్ పెట్టే ఇంటికి తెరిచిన బాల్కనీలో చోటు చూపించమనాలి. గ్యాస్ ఏజెన్సీ మనిషి తనిఖీకి వచ్చినప్పుడు వంటింట్లో స్టవ్ చూసి సంతకం పెట్టించుకుని వెళ్లిపోకుండా స్నానాల గది తలుపు కూడా తీసి చూడాలి. లోపల గ్యాసు గీజర్ కనిపిస్తే అది బయటికి మారేదాకా ఆ గొట్టం విప్పి ఉంచాలి.