తొట్లు చూడకుండా తొట్లకొండ దిగిపోతున్నాం

విశాఖ వచ్చిన చుట్టాలకు మనం చూపించే వరస మారదు. ఆర్కే బీచ్, కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్, మర్నాడు పొద్దున్నే అరకు రైలు. ఇవన్నీ చూడదగ్గవే. కానీ ఈ ఊరికి రెండు వేల ఏళ్ల వయసుందని తెలియకుండానే వాళ్లు వెళ్లిపోతున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

భీమిలి రోడ్డులో మంగమారిపేట దగ్గరి తొట్లకొండనే తీసుకోండి. అక్కడ 1988 నుంచి 1993 దాకా తవ్వితే బౌద్ధ ఆరామం బయటపడింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే ఈ తీరానికి అప్పటికే దూరదేశాల వర్తకంతో సంబంధం ఉందన్నమాట. నేను మొదటిసారి వెళ్లినప్పుడు స్తూపం దగ్గర ఫొటోలు దిగి వచ్చేశాను. రెండోసారి గానీ తొట్లు కనబడలేదు. వాననీరు పట్టుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిపించుకున్నవి అవి. ఆరామం మట్టిలో కలిసిపోయినా కొండ పేరులో తొట్లు మిగిలాయి. పక్కనున్న బావికొండ పేరూ అలా నీళ్లతో వచ్చిందే.

సింహాచలంలోనూ ఇంతే. దర్శనం క్యూలో మనం ఆనుకుని నిలబడే రాళ్ల మీద తెలుగు, ఒడిశా రాజుల శాసనాలున్నాయి. 1516లో వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు వేయించినదీ ఉంది. ఏ రాయి మీద ఏముందో చెప్పే తెలుగు బోర్డు పెడితే క్యూలో గంట నిలబడ్డా విసుగు రాదు.

ఇక విశాఖలోని పాత ఊరు, వన్‌టౌన్. 1933లో పోర్టు మొదలయ్యాక ఊరు వేరే దిక్కులకు పెరిగింది. పాత వీధులు ఇరుకు, కారు పెట్టుకునే చోటు ఉండదు. అందుకే టూర్ ప్యాకేజీల్లో వాటికి చోటు దక్కలేదని నా అభిప్రాయం. నడిచి తిరిగితే రాణీబొమ్మ (విక్టోరియా రాణి విగ్రహం), కురుపాం మార్కెట్ కమాను, టౌన్‌హాలు అన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. కొత్త వ్యూపాయింట్లకు పెట్టే డబ్బులో కొంచెం ఈ దారికి పెట్టినా చాలు. బోర్డులు, కాస్త నీడ, తాగడానికి నీళ్లు ఉంటే జనం వాళ్లే నడుస్తారు.

సాయంత్రానికి రాస్‌హిల్ ఎక్కండి. చర్చి, దర్గా, వేంకటేశ్వరుడి గుడి మూడు గుట్టల మీద వరసగా ఉంటాయి. కింద పోర్టులోకి వెళ్లే నీటిదారిలోంచి ఓడ లోపలికి వస్తుంటుంది.