కింద చలి సంగతి రాయలేదేంటి బ్రో
నీ పోస్ట్‌లో చెప్పిన, వెదురు బొంగులు, కాటన్ గుడ్డతో ఇంట్లో చేసుకునే మడత టెంట్ ఐడియా బాగుంది, కానీ కింద ఏం పరవాలో రాయలేదు. పోయిన డిసెంబర్‌లో మేం నలుగురం అనంతగిరి దగ్గర ఒక ఫామ్‌కి పోయినం, సింగిల్ లేయర్ పాలిస్టర్ టెంట్, చలి అని జిప్పులన్నీ బిగించి పడుకున్నం, తెల్లారుజామున మొహం మీద టప్ టప్ నీళ్లు, వానేమో అనుకుంటే మా ఊపిరి ఆవిరే చల్లటి గుడ్డకి తగిలి చుక్కలు కట్టింది! పైనొకటి కిందొకటి గాలి సందు ఉంటే ఇంత గోల ఉండకపోవు. కాటన్ తడిస్తే దారాలు ఉబ్బి వాననీళ్లు కొంత ఆపుతది నిజమే, కాకపోతే బరువెక్కువ, తడిగా మడిచి డిక్కీలో పడేస్తే బూజే. అసలు చలి లాగేది నేల, ఆ రాత్రి మా అమ్మ బలవంతంగా పెట్టిన పాత బొంతే కాపాడింది. ఇంతకీ బొంగుల జాయింట్లకి పైపు ముక్కలా, తాడా?